పన్నెండు ద్రాక్షపళ్ళు, మామ కొట్టిన గంట

ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది గానీ, ఒక్కటీ నోరు దాటి బయటికొచ్చేది కాదు. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో కొత్తగా ఉద్యోగం. పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కడం, సాయంత్రం మళ్ళీ బస్సు. మధ్యాహ్నం భోజనం మాత్రం నంద్యాలలోని మేనమామ ఇంట్లో. అత్త చేసే పప్పు కోసమే వెళ్తున్నానని అందరికీ చెప్పేవాణ్ణి (అది వడ్డించే మరదలి సంగతి ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి). డిసెంబరు చివర్లో ఒకరోజు మామ తీరిగ్గా, "రెండో తారీకు పాణ్యం నుంచి పెండ్లికొడుకోళ్ళు పాపను సూడనీకి వస్తాండారప్పా. ఆ పొద్దు సెలవు పెట్టు, టిఫిన్లు నువ్వే తేవల్ల" అన్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాను. అయినా "అట్లే మామా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

సరిగ్గా అప్పుడే మరదలు ఫోను పట్టుకొని పరుగెత్తుకొచ్చింది. "బావా, ఇది సూడు! స్పెయినోళ్ళు కొత్త సంవత్సరం రాంగానే గడియారం కొట్టే ఒక్కో గంటకు ఒక ద్రాక్షపండు తింటారంట. పన్నెండు గంటలు, పన్నెండు పండ్లు. గంటలు ఆగేలోపల తినేస్తే ఆ యేడంతా మంచే జరుగుతాదంట." నాకు ప్రాణం లేచొచ్చింది. పన్నెండు పండ్లకూ కలిపి ఒకే కోరిక కోరుకోవచ్చు గదా! నోరు తెరిచి అడగక్కర్లేదు, నమిలితే చాలు.

ముప్పై ఒకటో తేదీ బస్సు తప్పిపోయిందని ఆళ్లగడ్డలో అమ్మకు ఫోన్ చేసి చెప్పి, బస్టాండు దగ్గర బండి మీద ద్రాక్షపళ్ళు కొన్నాను. గింజల్లేనివి దొరకలేదు. గడియారం గంటలు మనకు లేవు గనుక ఆ పని మామ తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళు బడిలో గంట కొట్టి రిటైరైన మనిషి ఆయన. ఇత్తడి పళ్ళెం ఎడమ చేత, చపాతీ కర్ర కుడి చేత పట్టుకొని, ఎదురుగా పెట్టిన ఫోనులో సెకన్లు చూస్తూ నిలబడ్డాడు. నేను అంతకుముందే మొదటి పండు పెదాల దగ్గర పెట్టుకున్నాను.

మొదటి రెండు గంటలూ పద్ధతిగానే మోగాయి. మూడో గంట దగ్గర మామ చేతికి పాత అలవాటు గుర్తొచ్చింది. అంతే! సాయంత్రం బడి వదిలేటప్పుడు కొట్టే గంట, గణగణగణ! "మెల్లగా నాయనా!" అని మరదలు అరుస్తోంది. అత్త పడీపడీ నవ్వుతోంది. నేను మాత్రం నా బతుకంతా ఆ పళ్ళెం మీదే ఉన్నట్టు రెండేసి, మూడేసి పండ్లు నోట్లో కుక్కుకుంటున్నాను. పులుపుకు కళ్ళు మూసుకుపోతున్నాయి, గింజలు పళ్ళకింద పటపటమంటున్నాయి (విత్తనాల కంపెనీ జీతగాడికి తగిన శాస్తి). గంట ఆగేసరికి పన్నెండూ లోపలికి పోయాయి, కానీ అన్నీ బుగ్గల్లోనే ఉన్నాయి.

మామ చెమట తుడుచుకుంటూ, "సూసినారా, నా చెయ్యి ఇంగా తిరుగుతానే ఉంది. మంచి గడియ. రెండో తారీకు పాణ్యమోళ్ళు ఊ అంటే తొందరగా ముహూర్తం పెట్టేద్దాం" అన్నాడు.

"వద్దు!" అన్నాను. మాటతోపాటు నాలుగు పండ్లు బయటికొచ్చి మామ తెల్లచొక్కా మీద పడ్డాయి.

మామ చొక్కా వంక చూసుకొని, కూతురి వంక తిరిగి, "ఏందీ? ఏమంటాండాడే వీడు?" అన్నాడు.

మరదలు నా వంక చూడనైనా చూడలేదు. "పాణ్యమోళ్ళను రావద్దని చెప్పమంటాండాడు నాయనా. నన్ను తనే చేసుకుంటాడంట. ఆళ్లగడ్డలో అత్తకు నువ్వే ఫోన్ చేసి చెప్పల్లంట. ఆడికి పోయినాంక నా బీఈడీ చదువు ఆపనంటాండాడు."

నేనన్నది ఒక్క మాట. మిగతా అంతా ఆమెదే. నేను ద్రాక్షరసం కారుతున్న గడ్డంతో, ఉబ్బిన బుగ్గలతో గబగబా తల ఊపాను. మామ నన్ను ఎగాదిగా చూసి, "ఈ మాట చెప్పనీకి స్పెయిన్ దాకా పోవల్లనా?" అన్నాడు.

మా పెళ్ళయి ఏళ్ళయింది, ఆమె బీఈడీ కూడా పూర్తయింది. ఇప్పుడు నేను బాగానే మాట్లాడతాను, కాస్త ఎక్కువే మాట్లాడతానని ఇంట్లో ఫిర్యాదు. అయినా నోరు ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఒక్క మాట అనలేక, అది నిండాక తెరిచిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలేస్తుంది. వాడి తరఫున మాట్లాడటానికి ఆవిడ ఎన్నాళ్ళ నుంచి వాక్యాలు కూడబెట్టుకుని ఉందో, ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు.