గుడ్ల బండి సెంగోడన్ పారిపోయిన రోజు

తమిళనాట నామక్కల్ నుంచి కేరళకు గుడ్లు తోలే డ్రైవర్లలో సెంగోడన్ కాలు మెత్తన అని పేరు. గుడ్ల బండికి సడన్ బ్రేకు పనికిరాదు. కుక్క అడ్డం వచ్చినా, గతుకు వచ్చినా పసిబిడ్డ పొట్ట మీద చెయ్యి వేసినట్టు పెడల్ మీద పాదం ఆనించాలి, బండి దానంతటది నెమ్మదించాలి. పాతికేళ్లలో సెంగోడన్‌కి ఆ విద్య బాగా ఒంటబట్టింది. పాలక్కాడ్‌లో లోడు దించే హమాలీలకు మాత్రం అతనంటే ఒళ్లుమంట. పగిలిన గుడ్లు హమాలీల వాటా మరి. అతని బండిలో ఒక ఆమ్లెట్టుకు సరిపడా కూడా దొరికేవి కావు.

కాలు మెత్తనే కానీ నోరు మెత్తన కాదు. ఫోను చూస్తూ తోలే కుర్ర డ్రైవర్లను నలుగురిలో పెట్టి కడిగేసేవాడు. తాగి బండెక్కినవాడితో నెలల తరబడి మాట్లాడేవాడు కాదు. ఇంట్లో కూడా అంతే. కోళ్ల ఫారంలో గుడ్లు ఏరే పనికి పోయే పెళ్లాం పావాయికి రోడ్డు ఎలా దాటాలో ఇప్పటికీ చెప్పి పంపేవాడు. ఆమె సరే సరే అంటూ నవ్వుకుంటూ పోయేది.

లారీ వాళ్లలో ఒక పద్ధతి ఉంది. దారిలో ఎవరికైనా బండి తగిలితే అక్కడ దిగరు. దిగితే జనం చితగ్గొట్టి ఎముకలు కూడా ఏరుకోనివ్వరు. అలాగని ఇంటికీ పోరు. తిన్నగా దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషనుకు తోలి, తాళంచెవి బల్ల మీద పెట్టి, గోడవారగా కూర్చుంటారు. స్టేషను వాళ్లే మనిషిని పంపి, పడ్డవాణ్ణి ఎత్తించి, తర్వాత తిట్టేవి తిడతారు. సెంగోడన్ కూడా ఒకసారి అలా కూర్చున్నాడు. సైకిలు మీద పోయే మనిషికి బండి తగిలి అతని చెయ్యి విరిగింది. రెండు చెంపదెబ్బలు తిన్నాడు, లాకప్పులో పడుకున్నాడు, ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిరిగాడు. అయినా దాన్ని గొప్పగానే చెప్పుకునేవాడు. తాళంచెవి బల్ల మీద పెట్టాక కడుపులో భయం పోతుందిరా అని కుర్రాళ్లకు చెప్పేవాడు.

ఆ మాట కొత్త చట్టం వచ్చేదాకా చెల్లింది.

ఢిల్లీలో ఎవరో బల్ల చరిచి అచ్చేసిన మాట నామక్కల్ లారీ షెడ్ల దగ్గరి టీ కొట్టుకు చేరేసరికి దానికి కోరలు మొలిచాయి. మోసుకొచ్చినవాడు కుప్పణ్ణన్. సిమెంటు లోడు తోలతాడు. ఫోనులో వచ్చిందల్లా పదిమందికీ చదివి వినిపించకపోతే అతనికి తిన్నది అరగదు.

"గుద్ది పారిపోతే పదేళ్లు లోపలేస్తారంట," అన్నాడు గ్లాసు కింద పెట్టి.

"పారిపోతే కదా. స్టేషనుకెళ్లి చెప్పుకుంటే అంత లేదంటున్నారు," అన్నాడు సెంగోడన్.

"చెప్పుకో అణ్ణా, చెప్పుకో. నువ్వే వచ్చావని రాస్తారా, తరిమి పట్టుకొచ్చామని రాస్తారా? పెన్ను వాళ్ల చేతిలో ఉంది, నీ చేతిలో లేదు. నీకిప్పుడు యాభైమూడు. బయటికొచ్చేసరికి నోట్లో పళ్లుండవు. పావాయక్క ఈలోపు ఇంకెవడికో వండిపెడుతుంటది."

అందరూ నవ్వారు. సెంగోడన్ కూడా నవ్వాడు కానీ టీ సగంలో వదిలేసి లేచాడు.

తర్వాత డ్రైవర్లు సమ్మె చేశారు, బండ్లు ఆగాయి, పెట్రోలు బంకుల ముందు జనం కొట్టుకున్నారు. ఆ సెక్షను ఇప్పట్లో అమలు చెయ్యమని పైవాళ్లు చెప్పారు కూడా. ఆ రెండో మాట ఎవరికీ ఎక్కలేదు. పదేళ్లన్నదే ఎముకల్లో దిగింది. మరి దానితో రోడ్డు బాగుపడిందా అంటే, జాగ్రత్తగా తోలేవాళ్లు అంతకుముందూ జాగ్రత్తగానే తోలేవాళ్లు. ఫోను చూస్తూ తోలేవాళ్లు ఇప్పటికీ చూస్తూనే తోలుతున్నారు. ఇవాళ ఒకరిని గుద్దుతానని పొద్దున్నే అనుకుని బయల్దేరేవాడు ఎవడుంటాడు, వాడికి పదేళ్లు చెప్పి ఏం లాభం, ఇరవై చెప్పి ఏం లాభం?

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం సెంగోడన్ పాలక్కాడ్‌లో లోడు దించి తిరిగొస్తున్నాడు. చెన్నిమలై దాటాక పక్కదారి పట్టాడు. మగ్గాల వాళ్లు భోజనాలకు పోయే వేళ, రోడ్డు మీద పురుగు లేదు. మలుపు తిరగ్గానే తల మీద పచ్చగడ్డి మోపు పెట్టుకుని ఒక ముసలామె అడ్డంగా రోడ్డు దాటుతోంది. మోపు కళ్ల మీదికి జారి ఉంది. ఆమె ఇటు చూడలేదు.

సెంగోడన్ బ్రేకు వేశాడు. ఎప్పుడూ వేసినట్టే వేశాడు, మెత్తగా, ఆనించి. బండిలో గుడ్లు లేవు, ఖాళీ ట్రేలే ఉన్నాయి. కాలికి ఆ సంగతి తెలియదు. అది తెలిసి గట్టిగా తొక్కేలోపు బంపరు మూల ఆమెకు తగిలింది. చప్పుడు పెద్దది కాదు, బస్తా కింద వేసినట్టు వచ్చింది.

ఆమెను దాటి కొంచెం ముందుకెళ్లి బండి ఆగింది. అతని చెయ్యి తలుపు పిడి మీద ఉంది. ముందు జనం కోసం చూశాడు. అలవాటైన భయం అదే. పొలంలో ఎవరూ లేరు. మగ్గాల షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి. రోడ్డు రెండు వైపులా ఖాళీ. అద్దంలో చెదిరిన గడ్డి కనిపించింది, గడ్డి పక్కన చెప్పులేని పాదం ఒకటి. పాదం కదిలిందో లేదో చూడలేదు. చూడదలచుకోలేదు అనడమే నిజం.

ఇక్కడ సెంగోడన్‌ని వెనకేసుకు రావడానికి నాకు మాట దొరకదు. కొట్టడానికి జనం లేనప్పుడు దిగడానికి అడ్డేమిటి? అయితే జనం లేరని తెలియగానే అతనికి గుండె కుదుటపడలేదు సరికదా, ఇంకా పెద్ద భయం పట్టుకుంది. పదేళ్లు. ఎవరూ చూడలేదు. ఆ రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కాలు క్లచ్ తొక్కింది. గేరు పడింది.

కొంత దూరంలో రోడ్డు పక్కనే పోలీసు స్టేషను ఉంది. బోర్డు కనబడగానే అతని చెయ్యి ఇండికేటరు వేసింది. పాతికేళ్ల పద్ధతి అది, చేతికి ఇంకొకటి తెలియదు. గేటు దగ్గర కానిస్టేబులు ఒకడు తలెత్తి బండికేసి చూశాడు. ఆ చూపు చూడగానే సెంగోడన్‌కి కుప్పణ్ణన్ గొంతు వినబడింది. నువ్వే వచ్చావని రాస్తారా? ఇండికేటరు ఆర్పేసి తిన్నగా పోయాడు. అక్కడి నుంచి నామక్కల్ దాకా వెనక ఏ మోటారు సైకిలు హారను కొట్టినా భుజాలు ముడుచుకున్నాడు.

సాయంత్రం ఇంటి పక్క ఖాళీ స్థలంలో బండి పెట్టాడు.

"రోజూ బండి మొహం రోడ్డుకేసి పెడతావు, ఇవాళ గోడకేసి పెట్టావేంది మావా?" అంది పావాయి.

"ఎండ."

"పొద్దుగూకాక ఎండేంది?"

తెల్లారి ఓనరు ఫోను చేస్తే సెంగోడన్ జ్వరమన్నాడు. ఆ మాట అబద్ధం కూడా కాదు, ఒళ్లు కాలుతూనే ఉంది. వీధిలో బండి చప్పుడైతే పెరట్లోకి పోతున్నాడు, కుక్క మొరిగితే లేచి నిలబడుతున్నాడు. పావాయి చూసి చూసి కంచం ముందు కూర్చోబెట్టింది. అతను ముద్ద కలిపి అలాగే పట్టుకున్నాడు. అప్పుడు అడిగింది. అతను చెప్పాడు.

"బతికుందా?"

"తెలీదు."

"తెలీదంటే? దిగలేదా?"

అతను కంచంలోకి చూశాడు.

"నువ్వు దిగలేదా మావా?" రెండోసారి అడిగినప్పుడు ఆమె గొంతు చిన్నదైపోయింది. అతనితో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి, ఇతనెవరో అన్నట్టు చూస్తోంది.

"పదేళ్లు పావాయీ."

"ఆ సంగతి తర్వాత. ఆమె ఉందో పోయిందో తెలీకుండా నీకు నేను అన్నం పెట్టలేను. లే."

చెన్నిమలై చుట్టుపక్కల దెబ్బలు తగిలినవాళ్లను ఈరోడ్ పెద్దాసుపత్రికే తెస్తారు. ఇద్దరూ బస్సెక్కారు. తిరుచెంగోడులో ఒక కానిస్టేబులు ఎక్కి, వెతికి వెతికి సెంగోడన్ పక్క సీట్లోనే కూలబడ్డాడు. డ్యూటీ దిగి వస్తున్నాడేమో, ఊరు దాటకముందే అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఈరోడ్ వచ్చేదాకా సెంగోడన్ భుజం కదపలేదు. ఊపిరి కూడా ఆ భుజం వైపు తక్కువగా పీల్చుకున్నాడు. ముందు సీట్లోంచి పావాయి ఒకసారి వెనక్కి తిరిగి చూసి, వెంటనే తల తిప్పేసుకుంది.

ఆసుపత్రిలో పావాయే అడిగింది. చెన్నిమలై అవతల లారీ తగిలిన ముసలామె. వార్డులో ఊడ్చే మనిషి చీపురుతోనే చూపించింది. "వీరాయమ్మా? ఆ చివరి మంచం. తుంటి విరిగింది పాపం. నోటికి మాత్రం ఏం కాలేదు, వచ్చినవాళ్లందరికీ కథ చెబుతానే ఉంది."

సెంగోడన్‌ గోడ పట్టుకున్నాడు. బతికుంది. ఆ మాట లోపలికి దిగీ దిగకముందే ఇంకో ఆలోచన తోసుకొచ్చింది. బతికుంది కాబట్టి ఇక వెళ్లిపోవచ్చు.

"చూశాంగా, పద పావాయీ," అన్నాడు గొణుగుతూ.

పావాయి వినిపించుకోలేదు. కొనుక్కొచ్చిన అరటిపళ్లు పట్టుకుని మంచం దాకా పోయింది. అతనికి వెనక పోక తప్పలేదు. మంచం దగ్గర ఇద్దరు కొడుకులున్నారు. చిన్నవాడు విసనకర్రతో విసురుతున్నాడు. పెద్దవాడు స్టూలు మీద కూర్చుని రాగిజావ పట్టిస్తున్నాడు. గేదెను ఒంటిచేత్తో కట్టేసేంత మనిషి, ఆ చేత్తో చెంచా పట్టుకుని తల్లి గడ్డం తుడుస్తున్నాడు. రోజంతా చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చి పోతున్నారు కాబట్టి వీళ్లను ఎవరని ఎవరూ అడగలేదు. వీరాయి కొత్త మొహాలు కనబడగానే మొదలుపెట్టింది.

"తప్పు నాదే తల్లీ. మోపు కళ్లకు అడ్డం పడింది, బండి రావడం చూడలేదు. పడ్డాక కదలలేకపోయా. బండి ఆగింది. హమ్మయ్య అనుకున్నా. ఇంజను చప్పుడు వినబడతానే ఉంది. దిగుతాడు, వస్తాడు, ముందు కాసిని నీళ్లు అడుగుదాం అనుకున్నా. అప్పుడు గేరు పడింది." ఆమె ఆగి జావ మింగింది. "పాలబండి అబ్బాయి వచ్చేదాకా అట్టాగే ఉన్నా. ఎండకు వీపంతా బొబ్బలెక్కింది."

"దొరకనీ వాణ్ణి," అన్నాడు పెద్దకొడుకు, చెంచా మీంచి కళ్లెత్తకుండా. "ఆగి అమ్మను బండిలో వేసుకునుంటే కాళ్లకు దండం పెట్టేవాణ్ణి. ఇప్పుడు దొరికితే పోలీసుల దాకా పోనివ్వను."

అతనలా అనగానే సెంగోడన్‌ తలుపు ఎంత దూరమో కళ్లతోనే కొలుచుకున్నాడు. మంచాల మధ్య సందు ఇరుకు, ఊడ్చే మనిషి బకెట్టు అడ్డం ఉంది. పావాయి అరటిపళ్లు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదని అతనికి అర్థమైంది.

"ఇంతకూ మీదే ఊరు? గుర్తుపట్టలేదు," అన్నాడు పెద్దకొడుకు.

"నామక్కల్," అన్నాడు సెంగోడన్. "ఆ లారీ తోలింది నేనే."

స్టూలు వెనక్కి పడింది. జావ నేల మీద ఒలికింది. పెద్దవాడి చెయ్యి కాలరు మీద పడి సెంగోడన్‌ని మడమలు లేచేలా ఎత్తింది. సెంగోడన్ చేతులు అడ్డం పెట్టుకోలేదు, కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. తల్లి వాడి చొక్కా అంచు పట్టుకుని ఉంది.

"కొట్టకురా. స్టేషనుకు తీసుకుపో."

"అన్నా, వస్తాను," అన్నాడు సెంగోడన్. "పరిగెత్తను."

"ఆగు. పోయేముందు ఒకటి అడగాలి," అంది వీరాయి. పెద్దవాడు కాలరు వదలకుండానే అతన్ని మంచం వైపు తిప్పాడు. "ఎందుకు దిగలేదు సామీ?"

"భయమేసిందమ్మా."

"ఎవర్ని చూసి? అక్కడ పిట్ట కూడా లేదే."

"జైలు. పదేళ్లు వేస్తారంట."

తిడుతుందనుకున్నాడు.

"నాకూ వేసింది భయం," అంది. "నువ్వు ఆగినంతసేపూ వెయ్యలేదు సామీ. వెళ్లిపోయాక వేసింది."