మిర్చి టిక్కీల మధ్య మా అత్త ఫ్లాపీలు

నిన్న పొద్దున నాన్న ఫోన్ చేశాడు. ఎత్తగానే "ఏరా, తిన్నావా" అనడం ఆయన అలవాటు.

నిన్న అనలేదు.

మా మేనత్త షంషాద్ ఇక లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నా చేతిలో ఉన్న టీ అలాగే చల్లారిపోయింది. సాయంత్రం సత్తెనపల్లిలో మట్టి ఇచ్చి వచ్చాం.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఒకప్పుడు మా ఊళ్లో సగం మందికి కంప్యూటర్ ఆన్ చేయడం నేర్పింది ఈవిడే. ఆవిడ పాఠాలు చెప్పిన ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక అక్కడి సాఫ్ట్‌వేర్ ఫ్లాపీలన్నీ ఇంటికి తెచ్చుకుంది.

పాత కంప్యూటర్లు సేకరించే మహానుభావుల గ్రూప్ ఒకటుంది. వాళ్ల డబ్బాలు మళ్లీ లేచి కూర్చోవాలంటే ఆ కాలం సాఫ్ట్‌వేరే కావాలి. అది బజార్లో దొరకదు. అడిగిన ప్రతివాడికీ అత్త కాపీ తీసి, అప్‌లోడ్ చేసి, లింక్ పంపేది.

ఊరికే.

ఊరికే వచ్చేదానికి మనవాళ్లిచ్చే మర్యాద తెలిసిందే కదా. మధ్యాహ్నం అడిగినవాడు టీ టైమ్‌కల్లా రెండు ప్రశ్నార్థకాలు పెట్టేవాడు. డౌన్‌లోడ్ స్లోగా ఉందని ఒకాయన అలిగాడు. ఫ్లాపీ ఫొటోలో లేబుల్ వంకరగా ఉందని ఇంకొకాయన వ్యాసం రాశాడు. థాంక్స్ అని కొట్టాల్సి వచ్చేసరికి మాత్రం అందరి కీబోర్డులూ ఒకేసారి పాడయ్యేవి.

ఒక వానాకాలం ఫ్లాపీలకు బూజు పట్టడం మొదలైంది. అత్త వాటిని కవర్లలో చుట్టి, గోనెసంచిలో సర్ది, మూతి కుట్టేసి, నాన్న మిర్చి టిక్కీలతో, అంటే ఎండుమిర్చి బస్తాలతో పాటు కోల్డ్ స్టోరేజీకి పంపేసింది.

నాన్నకు చెప్పలేదు.

ధర వచ్చాక నాన్న వ్యాపారిని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆయన శాంపిల్ కోసం ఒక సంచి మూతి విప్పి చెయ్యి పెడితే నల్లటి ఫ్లాపీ వచ్చింది. అటూ ఇటూ తిప్పి, అలవాటు కొద్దీ వాసన కూడా చూశాడట.

"ఇదేం రకం వలీ?"

"అది మా అక్క రకం లే. పక్క సంచి చూడు."

అప్పట్నుంచీ ఆ సంచికి అక్కడ పర్మినెంట్ సీటు. ఎవరు ఏది అడిగినా అత్త శాలువా కప్పుకుని వెళ్లి తెచ్చేది. తుమ్ముతూ కాపీ తీసేది.

పోయిన నెల అత్త దగ్గరున్న ఒక్కగానొక్క ఫ్లాపీ డ్రైవ్ చచ్చిపోయింది. సంచిలో సగం ఇంకా కాపీ కాలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ గ్రూప్‌ని ఒకటి అడిగింది. ఎవరిదగ్గరైనా అలాంటి డ్రైవ్ ఉంటే కొన్నాళ్లు ఇవ్వండి, పని అవగానే జాగ్రత్తగా పంపేస్తాను అని.

మౌనం. పాపం, నెట్‌వర్క్ లేదేమో.

చివరికి విజయవాడ పెద్దాయనొకరు కరుణించారు. గాజు తలుపుల షోకేసులో డ్రైవ్‌లు వరసగా పేర్చి, పండగపండక్కీ ఫొటో పెట్టే ఆయన. "అవి కలెక్షన్ మేడం, వాడితే అరిగిపోతాయి" అని రాశారు.

అత్త "సరే సార్" అని పెట్టింది. తర్వాత నాకు చూపించి నవ్వింది.

"డ్రైవ్ అరగకూడదంట్రా. నేను అరగొచ్చంట."

నిన్న గ్రూప్‌లో కబురు నేనే పెట్టాను. దండం బొమ్మలు బారులు తీరాయి. జీవితంలో ఒక్క థాంక్స్ చెప్పనివాళ్లు కూడా రెండేసి దండాలు పెట్టారు.

వాటి కింద మన పెద్దాయన. "చాలా బాధాకరం. మేడం నాకు పంపుతానన్న అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ రెండో ఫ్లాపీ లింక్ ఎవరైనా పెట్టగలరా?"

కాసేపటికి, "??"

అయ్యా, మీ ఫ్లాపీ ఎక్కడికీ పోలేదు. డ్రైవ్ ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అని అత్త మొన్నే వెళ్లి తెచ్చి పెట్టింది. ఆవిడ టేబుల్ మీదే ఉంది, మీ పేరు చీటీ అంటించుకుని. ఇంకా మిర్చి ఘాటు కొడుతోంది.

దాన్ని చదివే డ్రైవ్ మీ షోకేసులో ఉంది.

ఇక్కడ అరగడానికి ఇక మనిషి లేదు. కాబట్టి డ్రైవ్‌ని ఒళ్లో పెట్టుకుని సత్తెనపల్లి బస్సెక్కండి. మీ ఒక్క ఫ్లాపీ కాదు, మిగిలిన సగం సంచీ మీరే కూర్చుని కాపీ తీయండి. రుమాలు మర్చిపోకండి, తుమ్ములొస్తాయి.

అప్పటిదాకా సంచి మూతి విప్పేది లేదు.

అత్తా, ఇక నీకెవరూ ప్రశ్నార్థకాలు పెట్టరు. చల్లగా పడుకో.

అల్లా నీకు నెమ్మదినివ్వాలి.