నలభై టోపీలు, నలభై ఒక్క బిళ్లలు

మొగిలికి బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు, మనుషులను లెక్కపెట్టడం. పెళ్లికి పోతే బంతిలో కూర్చున్నవాళ్లను లెక్కపెడతాడు. వేములవాడ బస్సెక్కితే కండక్టర్ కంటే ముందే లెక్క తేల్చి, టీకి దిగి ఇంకా ఎక్కనివాళ్ల కోసం డ్రైవర్‌తో తగాదా పెట్టుకుంటాడు. ఒకసారి కాలనీలో ఒక ముసలాయన పోతే, శ్మశానం నుంచి తిరిగొచ్చేటప్పుడు అందరినీ గేటు దగ్గర ఆపేశాడు.

"యాభై రెండు మందిమి పోయినం. యాభై ఒక్కరిమే ఉన్నం. ఒకరు తక్కువైండ్రు."

"కాకా, గా తక్కువైనాయిన్నే గద కాల్చొస్తున్నం!"

"అట్లయితే సరే," అని మొగిలి దారి వదిలాడు.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో గోదావరిఖనిలోని ఆ కాలనీలో అందరికీ తెలుసు. మొగిలి ముప్పై రెండేళ్లు బాయి మీద పనిచేశాడు. అక్కడివాళ్లు బొగ్గు గనిని బాయి అంటారు. దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన బిళ్ల ఇవ్వడం, పైకి రాగానే దాన్ని తీసుకుని బోర్డు మీద మేకుకు తగిలించడం ఆయన పని. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. రిటైరై ఏడేళ్లయింది. బాయి ఆయనను వదిలింది కానీ ఆయన మేకులను వదల్లేదు.

కాలనీకంతా ఇది నవ్వులాట. జ్యోతిరాణికి మాత్రం నవ్వు రాదు. ఆమె కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది, ఇంట్లో ఒక్కతే ఉంటుంది. రోజూ సాయంత్రం ఆరున్నరకు మొగిలి సైకిల్ ఆమె గేటు ముందు ఆగుతుంది. గంట రెండుసార్లు మోగుతుంది.

"సిస్టరమ్మా, ఉన్నవా?"

"ఉన్న!"

"సరే."

అంతే, పోతాడు. సీరియల్ ఎంత పట్టులో ఉన్నా జవాబు చెప్పాల్సిందే. లేకపోతే పక్క క్వార్టర్లవాళ్లు బయటికొచ్చేదాకా గంట ఆగదు.

"నా ఇంట్ల నేనున్నందుకు గూడ నీకు లెక్క చెప్పాలెనా మొగిలన్నా?" అని ఆమె ఒకరోజు గట్టిగా అరిచింది.

"అరిచినవంటే ఉన్నట్టే," అని ఆయన పెడల్ తొక్కాడు.

అలాంటి మనిషిని తన అల్లిక కార్యక్రమంలో చేర్చుకోవాల్సి రావడం జ్యోతిరాణి ఖర్మ. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఒక చిన్న ఆస్పత్రికి పోయి, డిసెంబరు చలిలో తువ్వాళ్లలో చుట్టి పడుకోబెట్టిన పసికందులను చూసి వచ్చినప్పటి నుంచి ఆమె మనసు మనసులో లేదు. వాళ్లకు వెచ్చగా ఉంచే మిషను ఒకటి కావాలి. భైంసాలో పత్తి మిల్లు నడిపే ప్రేమ్‌సాగర్‌ను పట్టుకుంది. ఆయనకు పందేలంటే ప్రాణం.

"ఊకె ఇయ్య సిస్టర్. నలభై మందిని కూసోబెట్టు. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట లోపల గా పసిపోరగాండ్లకు నలభై ఊలు టోపీలు అల్లి నా చేతుల పెట్టు. మిషను నాది. ఒక్కటి తక్కువైనా నా కారెక్కి నేను పోత."

ఇంక జ్యోతిరాణి మైకు పట్టింది. కమ్యూనిటీ హాలు ముందు 'అల్లికతో ఆరోగ్యం' అని బ్యానరు కట్టింది. గంటసేపు అల్లితే బీపీ పది పాయింట్లు దిగుతుందని, మోకాళ్ల నొప్పి మరిచిపోతారని, మనసు నిమ్మళమవుతుందని వారం రోజులు ఊదరగొట్టింది. నేర్పే పని మాత్రం బట్టలు కుట్టే వనితకు అప్పగించింది. ఎందుకంటే జ్యోతిరాణి జన్మలో పట్టిన సూది ఒక్కటే, అది ఇంజెక్షన్‌ది. ఈ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

వేళ్లు పట్టేస్తున్నాయని మొగిలి కూడా చేరాడు. రెండో రోజే చంకలో బోర్డు పెట్టుకుని వచ్చాడు. దాని మీద వరుసగా మేకులు, మేకులకు రేకు బిళ్లలు, బిళ్లల మీద నంబర్లు. రాగానే బిళ్ల తీసుకోవాలి, పోయేటప్పుడు తగిలించాలి.

జ్యోతిరాణి మేకులు లెక్కపెట్టింది. "నలభై మందికి నలభై ఒక్క బిళ్లలెందుకు?"

"అదుండనీ."

ఊరందరినీ లెక్కపెట్టేవాడు మేకుల లెక్క తప్పాడని ఆమెకు లోలోపల సంతోషమైంది.

ఆ రోజు నుంచి టీకి లేచినా బిళ్లే, బాత్రూంకు లేచినా బిళ్లే.

"నేనేమన్న బాయి దిగుతున్ననారా?" అని కొమురవ్వ లొల్లి పెట్టింది.

"ఎక్కడికి దిగినా పైకి రావాలె గద, పెద్దవ్వా!"

అల్లికకు ముందు, తర్వాత అందరి బీపీ చూసి చార్టు మీద రాయాలని జ్యోతిరాణి ముచ్చట. బీపీ పది పాయింట్లు మారిన మాట నిజమే, కానీ పైకి. కుంటుకుంటూ వచ్చే హనుమండ్లు నూట నలభైతో కూర్చుని, మొగిలితో బిళ్ల పంచాయితీ పెట్టుకుని, నూట యాభైతో లేచేవాడు. చార్టు బీరువా వెనక్కి పోయింది. ఇక మొగిలి టోపీ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. రెండు కుట్లు వేస్తాడు, తలెత్తి లెక్కపెడతాడు. నెల రోజులకు నాలుగు వరుసలు తేలాయి.

"పందెం రోజన్న తల దించుకో మొగిలన్నా, నీ కాల్మొక్త," అని జ్యోతిరాణి బతిమాలింది.

"దించుకుంట. ఫికర్ జెయ్యకు."

పందెం రోజు తొమ్మిదిన్నరకే అందరూ వచ్చారు. రామవ్వ తన పదిహేడో నంబరు బిళ్ల తీసుకుని, అద్దాలు మరిచిపోయానంటూ ఊలు, సూదులు చేత్తో పట్టుకునే ఇంటికి పరుగెత్తింది. పదింటికి ప్రేమ్‌సాగర్ ఈల వేశాడు. సూదులు టకటకలాడాయి. పదిన్నరకు మొగిలి తలెత్తాడు.

"పదిహేడు."

"ఏం పదిహేడు?" జ్యోతిరాణి పళ్లు కొరికింది.

"మేకు ఖాళీ, కుర్చీ గూడ ఖాళీ."

రామవ్వకు ఫోన్ చేస్తే ఆమె కుర్చీ కింది సంచిలోనే మోగింది. చుట్టాలొచ్చి ఉంటారన్నారు ఒకరు. నిద్రపోయిందేమో అన్నారు ఇంకొకరు. మొగిలి సూదులు కింద పెట్టి చెప్పులేసుకున్నాడు.

"నువ్వు లేస్తే మన లెక్క ముప్పై ఎనిమిదే! గా పసిపోరగాండ్ల ఉసురు తగుల్తది నీకు!" జ్యోతిరాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ క్షణాన ఆయన మీద ఆమెకు వచ్చినంత కోపం జీవితంలో ఎవరి మీదా రాలేదు.

"మేకు ఖాళీగుంటే నాతోని కూసునుడు కాదు సిస్టరమ్మా," అని ఆయన సైకిలెక్కాడు.

అప్పుడు లేచాడు హనుమండ్లు. నెల రోజులుగా బిళ్లల మీద అందరికంటే ఎక్కువ గొణిగినవాడు.

"పోనియ్యి సిస్టరమ్మా. ఒకపారి బాయిల నా మేకు గూడ గిట్లనే ఖాళీగుండె. బిళ్ల జేబుల ఏసుకుని ఇంటికి పోయిండని అందరన్నరు. మొగిలొక్కడు ఇనలే. లోపలికి మనుషులను తోలేదాక జాగ కదల్లే. కాలు ఇరిగి పడున్న నన్ను మోసుకొచ్చిండ్రు. కుంటుడైతే కుంటుతున్న గని, నడుస్తున్న గద!"

జ్యోతిరాణి పోయి మొగిలి కుర్చీలో కూర్చుంది. సూదులు చేతిలోకి తీసుకుంది. ఏది ఎటు తిప్పాలో తెలియక అలాగే చూస్తూ ఉండిపోయింది.

కొమురవ్వ నోరు తెరిచింది. "ఏందే బిడ్డా, నీకు రాదా? నెల రోజుల సంది మైకుల మాకు చెప్పవడితివి!"

"జర ఊకో అవ్వా," అని వనిత వచ్చి పక్కన చతికిలబడింది. ఒక్కో కుట్టుకు వేలు పెట్టి చూపించింది. జ్యోతిరాణికి చెమటలు పట్టాయి. వేల ఇంజెక్షన్లలో ఒక్కటీ తప్పని చేతులు ఈ మెత్తని ఊలులో మూడు కుట్లకు రెండు జార్చాయి.

పన్నెండు ముప్పావుకు గేటు ముందు ఆటో ఆగింది. మొగిలి, ఆటోవాడు కలిసి చేతులు కుర్చీలాగా కట్టి రామవ్వను ఎత్తుకొచ్చారు. అద్దాలు తీసుకుని వెనక తలుపు వేస్తుండగా మెట్ల మీద జారిందట. చీలమండ బూరెలా ఉబ్బింది. అరిస్తే వినడానికి చుట్టుపక్కల ఒక్కరూ లేరు, అందరూ హాలులోనే ఉన్నారు. ఆటో కోసం మొగిలి బస్టాండుదాకా తొక్కి వచ్చేసరికి ఇంతసేపైందట.

"లేశేటట్టు లేకపాయె. ఊకె కూసోని ఏం జేద్దునని అల్లిన," అని రామవ్వ ఒడిలోంచి పూర్తయిన టోపీ తీసింది. "గీ మొగిలి గోడ దుంకొచ్చి, కాలు సంగతి అడగక ముందే 'బిళ్ల భద్రంగున్నదా' అన్నడు సిస్టరమ్మా!"

ఒంటిగంటకు రెండు నిమిషాల ముందు జ్యోతిరాణి ఆఖరి ముడి వేసింది. ప్రేమ్‌సాగర్ నలభయ్యో టోపీని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "గిది టోపీయేనా?"

"పెట్టుకునేటోడు అడగడు గని, నువ్వు మిషను సంగతి జూడు," అంది కొమురవ్వ.

ప్రేమ్‌సాగర్ మిషను ఒప్పుకున్నాడు కానీ, అల్లితే బీపీ దిగడం కళ్లారా చూడాలన్నాడు. హనుమండ్లుకు నూట అరవై ఐదు, కొమురవ్వకు నూట డెబ్బై. జ్యోతిరాణి తనది చూసుకోలేదు. చివరికి రామవ్వ చేతికి పట్టీ చుట్టింది. నూట ఇరవై, ఎనభై.

"చూసిన్రా!" అని మైకు లాక్కుంది. "గంటల తరబడి మెట్ల మీద పడున్న మనిషి! అల్లిక మహిమ!" రామవ్వ తప్ప అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె చీలమండ పట్టుకుని ఉంది.

గొడవంతా సద్దుమణిగాక మొగిలి బోర్డు దగ్గరికి పోయి, ఏ రోజూ ఎవరూ ముట్టని ఆఖరి బిళ్ల తీసి జ్యోతిరాణికి ఇచ్చాడు. నలభై ఒకటి.

"ఇయ్యాల సూది పట్టినవ్. దిగినట్టే. బిళ్ల లేకుంట దిగద్దు."

"ఎప్పుడు చేసినవ్ ఇది?"

"మొదటి దినమే. ఒక్కదానివుంటవ్ గద. లెక్కల లేకుంటే ఎట్ల?"

ఆమెకు సైకిల్ గంట గుర్తొచ్చింది. రోజూ రెండుసార్లు. ఇన్నేళ్లు ఆ గంటను ఆమె ఎన్ని తిట్లు తిట్టిందో లెక్కలేదు. బిళ్లను అరచేతిలో గట్టిగా పట్టుకుని ఇంటిదారి పట్టింది.

సాయంత్రం ఆరున్నరకు టీవీ కట్టేసి గేటు దగ్గరే నిలబడింది. గంట ఇంకా మోగనే లేదు, ఆమే అరిచింది. "నలభై ఒకటి! పైకొచ్చిన!"

మొగిలి బ్రేకు వేశాడు. ఆమె చేతిలోని బిళ్లను చూసి మొహం మాడ్చుకున్నాడు.

"పైకొస్తే బిళ్ల మేకుకుండాలె గద సిస్టరమ్మా! ఇంటికెట్ల తెస్తవ్? లెక్క తప్పె!"

"రేపొచ్చి నేనే తగిలిస్త."

"టోపీల పని అయిపాయె గద, మళ్ల వస్తవా?"

"ఎందుకు రాను? ఇప్పుడే నేర్సుకుంటి."

"సరే," అని మొగిలి పెడల్ తొక్కాడు. నాలుగిళ్ల అవతల రామవ్వ గేటు ముందు, మొట్టమొదటిసారి, గంట రెండుసార్లు మోగింది.