మా మాస్‌లో బేస్ ఎవరు పాడారు?

మా చర్చికి ఆదివారం పూట బతికున్నవాళ్లే సరిగ్గా రారు. పోయినవాళ్లు వస్తారంటే నమ్మే రకం కాదు నేను. ఇప్పటికీ కాదనే అనుకుంటున్నాను.

మాది మైపాడు దగ్గర చిన్న బాప్టిస్టు సంఘం. అక్కడ క్వయిర్ నడిపేది మా పెద్దమ్మ సుగుణమ్మ. ఈస్టర్‌కు నాలుగు గొంతుల లాటిన్ మాస్ ఒకటి పాడాలని ఆమె పట్టుబట్టింది. ఒకప్పుడు ఈ తీరంలో దాన్ని పాడని సంఘం లేదట. ఆ పాట పుస్తకం అట్ట మీద ఒక మహా సంగీతకర్త పేరుండేది. ఆయన రాసింది కాకపోవచ్చని తర్వాత పండితులు అన్నారు. మరెవరు రాశారో మాత్రం చెప్పలేదు. పేరు పోయాక పాడేవాళ్లూ పోయారు. నిజానికి మాస్ అంటే ఆర్‌సీఎం వాళ్ల, అదే రోమన్ కేథలిక్కుల, ఆరాధన. ఆ సంగతి మావాళ్లు ఏళ్ల తరబడి గమనించనట్టే పాడుకున్నారు.

సంఘకాపరికి చెబితే, "చర్చిలో మాస్ పాటలేంది బ్రదర్, ఈలలు కూడా వెయ్యాల్నా?" అన్నారు. చివరికి, రిహార్సల్ రికార్డు చేసి పంపితే విని చెబుతానన్నారు.

పెద్దమ్మకు మరో ఈస్టర్ దాకా ఆగే వీల్లేదు. పండగ కాగానే గొంతు ఆపరేషన్. మాట ఉంటుందని డాక్టరు చెప్పాడు. పాట గురించి ఆయనేమీ అనలేదు.

చిక్కేమిటంటే మాకు బేస్ లేదు. అడుగున పాడే ఆ లావు మగగొంతులు ఎవరికీ లేవు. నాది టెనర్, అంటే పైన పాడే మగగొంతు. అదీ మర్యాదకు అనే మాట. శనివారం మధ్యాహ్నం ఉన్న మూడు రకాల గొంతులతోనే పాడాం. ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డు చేశాను.

ఇంటికొచ్చి విన్నాను. మధ్యలో అందరూ ఆగే చోటొకటి ఉంది. అక్కడ ఏమీ వినిపించకూడదు. మెల్లగా, మగగొంతులు "హైలెస్సా... హైలెస్సా" అంటున్నాయి. ఆ వెంటనే అడుగున బేస్ లాటిన్‌లో అందుకుంది. శ్రుతి ఎక్కడా తప్పలేదు.

సముద్రం మీది గాలికి కొట్టుకొచ్చిందనుకుందామంటే, వల లాగేవాళ్లకు లాటిన్ రాదు. మాకే సరిగ్గా రాదు.

పెద్దమ్మకు వినిపించాను. భయపడుతుందనుకున్నాను. విసుక్కుంది.

"ఎన్నిసార్లు చెప్పినా ఇంతేరా అబ్బయా! ఆగే చోట ఒకటీ రెండూ లెక్కపెట్టుకోండయ్యా అంటే, వల లాగినట్టు హైలెస్సా అనుకుంటారు."

ఆమె అంటున్నది తన పాత బేస్ వాళ్లను. అందరూ మైపాడు జాలర్లే. వాళ్లలో ఆఖరాయన సమాధి దగ్గర పాట ఎత్తుకున్నది కూడా ఈవిడే.

రికార్డింగ్ పంపాను. సంఘకాపరి వెంటనే ఫోన్ చేశారు.

"బేస్ అదిరింది బ్రదర్! ఎవరు వాళ్లు?"

"మైపాడు వాళ్లు అయ్యగారూ."

అది అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. అనుమతి వచ్చింది.

ఈస్టర్ ఉదయం పాడాం. బేస్ రాలేదు. ఆగే చోట ఫ్యాను చప్పుడు తప్ప మరేం లేదు. పెద్దమ్మ గొంతు మాత్రం పైకప్పు రేకులను తాకింది. బయటికొచ్చాక సంఘకాపరి ఆమెను ఆపారు.

"మీ మైపాడు వాళ్లు రాలేదేమ్మా?"

"రిహార్సల్‌కు వచ్చిందే గొప్ప అయ్యగారూ" అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మాట వచ్చింది, పాట రాలేదు. అప్పుడప్పుడూ ఆ రికార్డింగ్ పెట్టమంటుంది. కళ్లు మూసుకుని విని, "నా గొంతు బాగుండిందిరా" అంటుంది. నిజంగానే బాగుండింది. అందులో ఎవరిదో నేను కచ్చితంగా చెప్పగలిగింది ఆ ఒక్క గొంతే.