నీళ్ల ప్రైమర్ మీదికి తేలిన పేరు

ముందే చెప్తున్న, నేను పెంచి చెప్తా. నేను చెప్పినదాన్ని నాలుగుతోని భాగించి నమ్ముడు మా ఇంటామెకు అలవాటు. ఇరవై మంది వస్తున్నరంటే ఐదు గ్లాసుల చాయ్ పెడ్తది. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ చాయ్ తక్కువ పడలే. మీరు గూడ అట్లనే చదువుకోండ్రి.

సిద్దిపేటల మా ఇంటి ముందుగోడ రోడ్డుకే ఉంటది. మా దిక్కు పెండ్లంటే పత్రికకంటె ముందు గోడ పలుకుతది. సున్నమేసి, అటొక అరటిచెట్టు, ఇటొక అరటిచెట్టు, నడుమ గణపతి, కింద పిల్ల పేరు, పిలగాని పేరు రాయిస్తరు. ఆరేండ్ల కింద మా బిడ్డ పెండ్లికి అట్లనే రాయించిన. బిడ్డ పేరు నీలం రంగుల, అల్లుని పేరు ఎర్ర రంగుల. తన పేరు రెండోదైందని అల్లుడు అలుగుతడేమోనని ఆ పేరును ఇంకొంచెం లావుగ రాయమన్న.

ఆ పెండ్లి పదకొండు నెలలు నిలిచింది. బిడ్డ ఒక సూట్‌కేసు, ఒక కుక్కరు పట్టుకొని వచ్చేసింది. నేనేం అడగలే. తెల్లారి లేచి గోడకు సున్నం కొట్టిన. ఓదార్చుడంటే నాకు వచ్చింది గంతే. అయినా మొదటి రెండేండ్లు బిడ్డ ఆ గోడ దిక్కు చూడకుంటనే లోపలికి వచ్చేది.

ఇప్పుడు మిరుదొడ్డి నుంచి సంబంధం వచ్చింది. పిలగానికి గూడ ఒక పెండ్లయి విడాకులైనయ్. ఇద్దరి సంగతులు ఇద్దరికీ తెలుసు, దాపరికం లేదు. ఆదివారం సాయంత్రం చూడనీకి వస్తమన్నరు. గోడ మీద సున్నం పొరలు పొరలుగ లేసి ఉండె. ఆదివారం లోపట మంచి రంగు ఎయ్యాలె అనుకున్న.

ప్రైమర్ అంటే రంగు కింద ఏసే తెల్లటిది అని మాత్రమే నాకు తెలుసు. షాపుల నిలబడ్డంక తెలిసింది, అండ్ల పెండ్లి సంబంధాలకంటె ఎక్కువ రకాలున్నయని. కొత్త గోడకొకటి, పాత గోడకొకటి, కట్టెకొకటి, ఇనుముకొకటి. మళ్ల వాటర్ ప్రైమర్, ఆయిల్ ప్రైమర్. ఆ షాపాయన ఉన్నడు చూడుండ్రి, నన్ను ఒక్క ముక్క అడగలే. వాటర్ ప్రైమర్ డబ్బ చేతుల పెట్టి పంపిండు. జరిగిందంత ఆయన వల్లనే.

బిడ్డ గజ్వేల్ల టీచరు. వారమంత ఆడనే కిరాయి రూముల ఉండి, శనివారం సాయంత్రం బస్సుకు వస్తది. అందుకే శుక్రవారం పొద్దున పెయింటర్‌ను పిలిచిన. ఆయన నిచ్చెనెక్కి సున్నం గీకిండు. గీకంగనే అల్లుని పేరు బయట పడ్డది. ఊకుంటడా? నిచ్చెన మీద నుంచి పెద్ద గొంతుతోని చదివిండు.

"సారూ, ఎవరీన?"

"ఎవరో. నువ్వు దిగి మెల్లగ మాట్లాడు."

దిగిండు. ఏలు తడి చేసి అక్షరం మీద రుద్దిండు. ఏలు ఎర్రగైంది. "ఇది పొడి రంగు సారూ, జిగురుల కలిపి రాసిన్రు. నీళ్లు తాకితే కరిగి మీదికొస్తది. ఆయిల్ ప్రైమర్ తెచ్చిన్రా?"

"వాటర్‌ది తెచ్చిన. గదే ఎయ్యి."

"లేస్తది సారూ."

"ఐదేండ్లు సున్నం కింద పండుకున్నది ఇప్పుడెందుకు లేస్తది? ఎయ్యి."

ఏసిండు. పగటియాళ్ల దాక గోడ పాల లెక్క ఉండె. మూడింటికి మొదటి అక్షరం తలకట్టు గులాబి రంగుల కనబడ్డది. శనివారం పొద్దున ఇంకో కోటు ఏయించిన. ఈసారి మూడక్షరాలు వచ్చినయ్, వత్తుతోని సహా. అరటిచెట్లు రాలే, గణపతి రాలే. నా బిడ్డ పేరు నీలందాయె, మర్యాదగ అడుగుననే ఉన్నది. ఆ ఒక్కడే వచ్చిండు. కోటు మీద కోటు ఏసినకొద్ది లావైతుండు. అంత దూరాన కోమటి చెరువు కట్ట మీద వాకింగ్ చేసేటోళ్లకు గూడ కనబడుతున్నడనిపించింది.

ఇంటామెను పిలిచి, "నాలుగుతోని భాగించి చూడరాదు" అన్న.

ఆమె చూసింది. "ఇది భాగించుడైతలేదు. ఉన్నది ఉన్నట్టే కనబడుతుంది" అన్నది.

నా భయం మిరుదొడ్డోళ్ల గురించి కాదు. వాళ్లకు పేరు తెలుసు, ఊరు తెలుసు. బిడ్డ ఇప్పుడిప్పుడే గేటు కాడ ఆగి గోడ మీది పిల్లితోని మాట్లాడుతుంది, ఇంట్లకొచ్చి బడి పిల్లల ముచ్చట్లు చెప్తుంది. ఇంకొక చూపులకు సరే అననీకి ఆమెకు ఐదేండ్లు పట్టింది. రేపు చూపులు పెట్టుకొని, ఇయ్యాల బస్సు దిగి వచ్చి ఆ పేరు చూస్తే? మళ్ల తల వంచుకొని లోపలికి పోతే? బస్సు వచ్చే యాళ్ల దగ్గర పడ్డకొద్ది నేను గోడకు, గేటుకు నడుమ నలభై సార్లు తిరిగిన. భాగించినా పది.

ఆఖరికి ఇంట్ల ఉన్న దుప్పట్లన్నీ తెచ్చిన. అనుమానం రావద్దని నీళ్లల్ల ముంచి, పిండి, గోడ మీద ఆరేసిన. నా తెలివి సల్లగుండ, పొడి రంగుకు ఇంకిన్ని నీళ్లు తాపినట్టైంది.

బిడ్డ వచ్చింది. గేటు కాడ ఆగింది.

"ఏంది బాపూ, గోడకు చలి పెడుతుందా?"

"ఉతికినం బిడ్డా. నువ్వు లోపలికి పో, అమ్మ చాయ్ పెట్టింది."

"మొగులైంది, ఎండ లేదు, ఇప్పుడు ఉతికిన్రా?" అనుకుంట కొసకున్న దుప్పటిని ఎత్తింది. గోడ మీద పేరు ఉంది. ఆమె చేతుల ఉన్న తెల్ల దుప్పటి మీద గూడ అదే పేరు, తిరగేసి అచ్చుపడి ఉంది. నేను ఎదురింటోళ్ల నీళ్ల నల్లా దిక్కు చూసుకుంట నిలబడ్డ. అంతసేపు ఎవ్వరూ ఏ నల్లాను చూసి ఉండరు.

"గీయనను గూడ పిలిచినవా బాపూ, రేపటికి?"

నేను తల తిప్పి చూసిన. నవ్వుతలేదు. కానీ ఏడుస్తలేదు గూడ. దుప్పటి మడతపెట్టి నా భుజం మీదేసింది.

"ఏ ప్రైమరేసిన్రు?"

"వాటర్‌ది."

"గోడ మీద ఏమున్నదో షాపాయనకు చెప్పినవా?"

"ఆయన అడగలే బిడ్డా."

స్కూటీ తాళం తీసుకున్నది. నేను ఎనుక కూసున్న. షాపుల జనం బాగనే ఉన్నరు. ఆమె అర కిలో టమాటలు అడిగినట్టు అడిగింది: "అన్నా, మా గోడ మీద నా పాత పెండ్లి రాత ఉంది. పొడి రంగుది. మీదికి రాకుండ ఏమెయ్యాలె?"

షాపాయన ఆమెను చూడలే, నన్ను చూసిండు. తర్వాత ఆయిల్ ప్రైమర్ డబ్బ తీసిండు. "తడి మొత్తం ఆరినంకనే ఎయ్యుండ్రి. ఇసుకకాగితంతోని రుద్ది, దుమ్ము దులిపి, ఒక్క కోటు. తెల్లారేదాక ముట్టద్దు." మళ్లొకసారి నన్ను చూసిండు.

టేబుల్ ఫ్యాను బయటికి తెచ్చి గోడకు పెట్టినం. రాత్రికి పెయింటర్ మళ్ల వచ్చి, రుద్ది, కోటేసిండు. "నేను చెప్పలేదా సారూ" అన్నా బాగుండు. ఆదివారం తెల్లారంగనే ఉరికి చూసిన. తెల్లగుంది. పది నిమిషాలకోసారి చూసిన. తెల్లగనే ఉంది. పది గంటలకు మీద మీగడ రంగు పడ్డది.

వాళ్లు వచ్చిన్రు, చాయ్ తాగిన్రు. గోడను ఎవ్వరూ చూడలే. పోయేటప్పుడు పిలగాడు మాత్రం గేటు కాడ ఆగి, "ఆయిల్ ప్రైమర్ వాసననా ఇది?" అన్నడు.

బిడ్డనే చెప్పింది. "అవును. అడుగున పాత పేరుండె."

"మా గోడ మీద గూడ ఉంది. ఏం ఎయ్యాల్నో తెలుస్తలేదు."

"వాటర్‌ది మాత్రం ఎయ్యకుండ్రి. మా బాపు ఏసి చూసిండు."

ఇద్దరు నవ్విన్రు. మళ్ల వచ్చే ఆదివారం మేము మిరుదొడ్డి పోతున్నం.

ఇగ నేను కల్పించింది చెప్తా. దుప్పటి మీద అచ్చు పడ్డదంటే మీరు నమ్మి ఉండరు. అది నిజం, దుప్పటి ఇంకా అల్మారల ఉంది. కల్పించింది షాపాయన ముచ్చట. ఆయన అడిగిండు. ఒకటి కాదు, రెండుసార్లు అడిగిండు. "పాత గోడనా? మీద రాతలేమన్న ఉన్నయా?" అన్నడు. నేను "ఏం లేవు" అన్న. ఉన్నయంటే ఏం రాతలు అంటడు. చిన్న ముచ్చటకు పది కలిపి చెప్పే నోరు, అక్కడ ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది. ఆయన నమ్మి వాటర్ ప్రైమర్ ఇచ్చిండు.

ఆ శనివారం స్కూటీ మీద వాపస్ వస్తుంటె ఆయిల్ ప్రైమర్ డబ్బ నా ఒళ్లె ఉండె. షాపాయన నన్నెందుకట్ల చూసిండో బిడ్డకు తెలిసినట్టుంది, సగం తొవ్వల స్కూటీ మెల్లగ చేసింది. తర్వాత అద్దంల నన్ను చూసి, "గట్టిగ పట్టుకో బాపూ" అన్నది.