నేను ఎక్కని కొండ

నా చిన్నప్పుడు మా ఊళ్లో మరియమాత కొండకి వెళ్లడం ఒక ఎత్తు, వెళ్లొచ్చినవాళ్లు దాని గురించి చెప్పడం మరో ఎత్తు. ఇప్పుడు మా విచారణవాళ్లు, అంటే మా చర్చి కిందికి వచ్చే ఊళ్లవాళ్లు, బస్సు మాట్లాడుకుని పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తున్నారు. వాళ్లకంటే ముందు వాళ్ల ఫొటోలు ఇల్లు చేరుతున్నాయి. ఈ ఏడు యాత్ర జ్ఞాపకాలన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తామని, పెద్దదాన్ని కాబట్టి నన్నూ ఒకటి రాయమని అడిగారు. మిగతావాళ్లంతా కొండ ఎక్కిన సంగతే రాస్తారు. నేను మాత్రం ఎక్కకుండానే ఎక్కానని చెప్పిన సంగతి రాస్తాను. ఈ వయసులో నాకింక సిగ్గేమిటి!

మాది పొందూరుకీ రాజాంకీ మధ్య ఒక పల్లె. కొండేమో సాలూరు అవతల. మాఘమాసం చలిలో, కోతలూ నూర్పులూ అయిపోయాక, మూడు రోజులు నడిచి వెళ్లేవాళ్లం. ముసలివాళ్లు, బాలింతలు, జబ్బుమనుషులు ఊళ్లోనే ఉండిపోయేవారు. బయల్దేరేముందు మా గుడిలో ప్రార్థనలు నడిపించే ఉపదేశిగారు ఉండిపోయేవాళ్లకీ వెళ్లేవాళ్లకీ జతలు కట్టేవారు. వెళ్లేమనిషి తన జతమనిషి తరఫున కూడా నడవాలి. తిరిగొచ్చాక ఆదివారం పూజ అవగానే గుడిముందు చాపలు పరిచి, వెళ్లొచ్చినవాళ్లు ఒక వరసలో, ఉండిపోయినవాళ్లు ఎదురు వరసలో కూర్చునేవారు. దారి పొడుగునా చూసిందంతా జతమనిషి చెయ్యి పట్టుకుని చెప్పాలి. అంతా విన్నాక ఆ మనిషి సిలువ గుర్తు వేసుకుని "నేనూ ఎల్లొచ్చినాను" అనాలి. ఆ మాట అనేదాకా యాత్ర పూర్తయినట్టు కాదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మా ఊరివాళ్లు పెట్టుకున్నదే. ఆ చాపల మీద కూర్చుని నేను చిన్నప్పుడే ఎన్నో సముద్రాలంత ఏడుపులు, పెళ్లిళ్లంత నవ్వులు చూశాను.

నాకు పదేళ్లు నిండిన ఏడు మొదటిసారి నన్ను వెళ్లేవాళ్ల వరసలో వేశారు. నాకు జతగా వచ్చింది పక్కింటి అక్క. ఆమెకి ఇరవై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు సన్నబడిపోయింది, మడమ నేలకి ఆనేది కాదు. ఇంట్లో నేలమీద పాకేది, వీధిలోకి రావాలంటే వాళ్లమ్మ భుజం పట్టుకుని వచ్చేది. రోజంతా అరుగు మీద రాట్నం ముందు కూర్చుని నూలు వడికేది. ఆమె తీసిన పోగు వెలుతురుకి పట్టుకుని చూస్తే తప్ప కనిపించేది కాదు. మాట మాత్రం మహా మోటు. బయల్దేరే రోజు నన్ను దగ్గరికి పిలిచి చెవి పట్టుకుంది.

"ఒసే, అమ్మ కాళ్లకాడ నా పేరు సెప్పాల. ఇంకేటీ అడగొద్దు. పేరు సెప్పు సాలు."

అంతే నాకు అప్పగించిన పని. అది కూడా నా చేత కాలేదు.

కొత్త చెప్పులు వేసుకుని నడవొద్దని మా మామ్మ చెబితే వినలేదు. రెండోరోజుకే రెండు మడమలూ బొబ్బలెక్కాయి. మూడోరోజు నన్ను వంటపాత్రలు మోసే బండి ఎక్కించారు. కొండకింద దిగేసరికి ఒళ్లు కాలిపోతోంది. మర్నాడు తెల్లవారాక అందరూ పాటలు పాడుకుంటూ కొండెక్కుతుంటే మా మామ్మ నన్ను రెండుసార్లు తట్టి లేపింది. నేను లేవలేదు. కషాయం తాగించి, వంటమనిషికి అప్పజెప్పి తను వెళ్లింది. నేను కళ్లు తెరిచేసరికి అందరూ దిగి వచ్చేస్తున్నారు. పిల్లల గుంపులో నేనూ ఉన్నాననే అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు. అసలు సంగతి తెలిసింది మా మామ్మకి, ఆ వంటమనిషికి. వంటమనిషిది పక్క ఊరు.

ఆదివారం చాపల మీద కూర్చున్నాం. నా ముందు చెప్పినాయన మాత ముఖం దీపంలా వెలిగిందన్నాడు. ఆయన ముందు చెప్పినామె గాలి లేకుండానే మాత ముసుగు కదిలిందంది. నేనేమో పుట్టు మాటకారిని, నోట్లో నువ్వుగింజ నానదు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లార్పకుండా చూస్తోంది. దారి సంగతి నిజమే చెప్పాను. కొండ దగ్గరికి వచ్చేసరికి ఏం చెప్పాలి? బండి కింద పడుకున్నానని చెప్పనా?

"నీ పేరు సెప్పగానే అమ్మ తల ఊపినాదక్కా," అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "'దాన్ని నేను నడిపిస్తాను' అని నా సెవిలో సెప్పినాది."

గుడిముందు ఒక్కసారిగా గోల. "తల్లీ మరియమ్మా!" అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఉపదేశిగారు నా నెత్తిన చెయ్యి పెట్టారు. అక్క ముఖం మీద నేనెప్పుడూ చూడని వెలుగు వచ్చింది. సిలువ గుర్తు వేసుకుని "నేనూ ఎల్లొచ్చినాను" అంది. ఆ సాయంత్రం ఊళ్లో సగం ఇళ్లు నన్ను పిలిచి ఏదో ఒకటి తినిపించాయి. అబద్ధం ఇంత తియ్యగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మా మామ్మ మాత్రం నావైపు ఒకసారి చూసి తన పనిలో పడిపోయింది.

సోమవారం పొద్దున్నే అక్కవాళ్లమ్మ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఆ గురువారం అక్కని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి ఉంది. బయటినుంచి వచ్చే పెద్ద డాక్టరు ఏడాదికి ఒక్క వారమే ఉంటాడు. మడమ దగ్గర బిగుసుకుపోయిన నరం కోసి సరిచేస్తే, కట్టుడు బూటుతో, కర్రతో నడవొచ్చని చెప్పాడట. ఆ మాట కోసం ఆ తల్లి రెండేళ్లు తిరిగింది. ఇప్పుడు అక్క రానని కూర్చుంది.

"మరియమ్మ తల్లే నడిపిస్తానందంట. మరింక కోయించుకోడం ఏటికని అడగతన్నాది. నేనేటి సెప్పను?" అని ఆమె గుమ్మంలోనే కూలబడింది.

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నా నోటిమాట ఒక మనిషి కాలికి అడ్డం పడిందని పదేళ్లదాన్నే అయినా అర్థమైంది. మా మామ్మ ఇప్పుడు నన్ను ఈడ్చుకొచ్చి అందరిముందూ నిలబెడుతుంది, ఇంక ఊళ్లో తలెత్తుకోలేను అనుకున్నాను.

మా మామ్మ ఆమెకి మంచినీళ్లిచ్చి, "బుదారం దాకా ఏటీ తేల్సకండి. మా పిల్ల కొండమీద ఒక మాట మరిసిపోయి ఒచ్చేసినాది. తెచ్చుకోడానికి ఎల్తన్నాం," అంది.

ఆ తర్వాత చద్దన్నం మూట కట్టి, నాకు పాత చెప్పులు వేసి, "పద" అంది.

రాజాందాకా నడిచాం. అక్కడ సాలూరు పోయే ధాన్యం లారీ ఒకటి దొరికింది. డ్రైవరు మా మామ్మ ఊరివాడట, వరసకి అల్లుడట. మా మామ్మకి ఏ ఊరు వెళ్లినా ఒక అల్లుడు తగిలేవాడు. బస్తాల మీద కూర్చుని వెళ్తున్నంతసేపూ ఆమె ఒక్కసారైనా తిడుతుందేమోనని చూశాను. తిడితే నాకు కొంత బరువు తగ్గును. ఆమె పొలాలు చూస్తూ, ఎక్కడ ఏ పంట వేశారో చెబుతూ కూర్చుంది. ఆ రోజు సాలూరులో తెలిసినవాళ్లింట్లో ఆగి, మర్నాడు పొద్దున్నే కొండ దగ్గరికి నడిచాం.

పండగ అయిపోయిన కొండ బోసిగా ఉంది. మా మామ్మకి మోకాళ్ల నొప్పులు. పండక్కి ఒకసారి ఎక్కిన మనిషి నాకోసం రెండోసారి ఎక్కుతోంది. పది మెట్లకోసారి ఆగేది. ఆగిన ప్రతిచోటా "సూడు" అనేది. ఏం చూడమంటోందో చెప్పేది కాదు. నేను అన్నీ చూశాను. అరిగిపోయిన రాళ్లు, ఊట నీళ్లు కారే బండ, మేకలు, సగం దారిలో నీడనిచ్చే ఉసిరిచెట్టు.

పైన మాత స్వరూపం నేననుకున్నదాంట్లో సగం కూడా లేదు. నీలం రంగు పెచ్చులూడింది. చేతికి ఒక వేలు విరిగిపోయింది. ఒక ముసలాయన రాతిమీద గడ్డకట్టిన కొవ్వొత్తుల మైనం కత్తితో గీకుతున్నాడు.

"పండగైపోయినాక ఒచ్చినారేటి?" అన్నాడు.

"పిల్లకి పనుండిపోయినాది," అంది మా మామ్మ. నన్ను ముందుకి తోసి తను వెనక కూర్చుంది.

నేను మోకాళ్లమీద కూర్చుని అక్క పేరు చెప్పాను. ఏమీ జరగలేదు. గట్టిగా మళ్లీ చెప్పాను. ముసలాయన కత్తి చప్పుడు, గాలి, ఎక్కడో మేక అరుపు. తల ఊపుతుందని చాలాసేపు చూశాను. నిజంగా చూశాను. ఊపితే నా అబద్ధం నిజమైపోవును కదా! ఊపలేదు. మాత మీద కోపం వచ్చి ఏడ్చాను. మా మామ్మ నన్ను ఓదార్చలేదు. ఏడుపు ఆగేదాకా కూర్చుని, ఆగాక కొంగుతో నా ముక్కు తుడిచింది.

"సూసినావు కదా. ఇంక సెప్పడానికి నీకాడ ఏదో ఒకటి ఉన్నాది. తక్కువైతే తక్కువే సెప్పు," అంది.

ఆ రాత్రికి ఊరు చేరి, బుధవారం పొద్దున్న అక్క అరుగు ఎక్కాను. మా మామ్మ తోడు రాలేదు. మా గుమ్మంలో కూర్చుని చేట పట్టుకుని బియ్యం చెరుగుతూ ఉంది. నేను ఒక్క ఊపులో చెప్పేశాను. మొదట ఎక్కలేదని, బండి దగ్గర పడుకున్నానని, తల ఊపడం నేను పుట్టించానని, నిన్న కొండెక్కి వచ్చానని. అక్క రాట్నం ఆగిపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నీ మాట నమ్మి మూడు రోజులు కల్లో నడిసినానే," అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. రాట్నం పక్కకి నెట్టి అడిగింది. "మరి నిన్న నా పేరు సెప్పినావా?"

"సెప్పినానక్కా. రెండుసార్లు."

"అమ్మ ఏటన్నాది?"

"ఏటీ అన్లేదు."

అక్క మెట్ల గురించి అడిగింది. ఎంత ఎత్తున్నాయి, పట్టుకోడానికి పక్కన ఏమైనా ఉందా, ఆగి కూర్చోడానికి చోటుందా, నీళ్లెక్కడ దొరుకుతాయి. నేను చూసింది చూసినట్టు చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. అడిగి అడిగి అలిసిపోయాక నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆమె సిలువ గుర్తు వేసుకోలేదు.

"ఆ మాట నేనిప్పుడు అనను. ఆవిడ నీతో ఏటీ అన్లేదంటే నేనే ఎల్లి అడగాల," అంది. తర్వాత లోపలికి తిరిగి కేకేసింది. "అమ్మా! రేపు బండి ఎన్ని గంటలకే?"

ఆపరేషను అయింది. అద్భుతమేమీ జరగలేదు. నెలల తరబడి కట్లు, నొప్పి, బూటుతో నడక నేర్చుకుంటూ పడిపోవడాలు. ఆ ఏడంతా ఆమె తిట్లు మా వీధిలో ఎవరూ మరిచిపోరు. ఎక్కువ భాగం నాకే. మరుసటి ఏడు యాత్రకి బండిలో కొండకిందదాకా వచ్చి, కర్ర పట్టుకుని మెట్లెక్కింది. ఉసిరిచెట్టు దాకా ఎక్కి కూర్చుండిపోయింది. మగవాళ్లు ఎత్తుకెళ్తామంటే కర్ర చూపించింది.

ఆ ఆదివారం అక్క మొదటిసారి వెళ్లొచ్చినవాళ్ల వరసలో కూర్చుంది. ఆ ఏడు మోకాళ్లు పూర్తిగా మొరాయించడంతో మా మామ్మ ఊళ్లోనే ఉండిపోయింది. అందుకని అక్కకి జత మా మామ్మే. అక్క ఒక్కొక్క మెట్టూ చెప్పుకొచ్చింది. ఉసిరిచెట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అందరూ మాత స్వరూపం కోసం మెడలు సాచి కూర్చున్నారు. పైన ఏముందో ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు, ఆమెకీ తెలుసు. ఉపదేశిగారు "తర్వాత?" అన్నారు.

"నేను సగందాకే ఎక్కినాను. సగమే సెప్తాను," అంది అక్క.

మా మామ్మ సిలువ గుర్తు వేసుకుంది. ఆ కొండపైకి తన కాళ్లతో ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేని మనిషి, అక్క చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "నేనూ సగందాకా ఎల్లొచ్చినాను," అంది.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. రిటైరయ్యేదాకా ఆసుపత్రుల్లోనే బతికాను. మంచం పక్కన నిలబడ్డ మనుషులు నా చెయ్యి పట్టుకుని "బాగైపోతాడు కదమ్మా?" అని అడిగినప్పుడల్లా ఒక తియ్యటి మాట నాలిక చివరిదాకా వచ్చేది. చెప్పినా నన్ను తప్పుపట్టేవాళ్లు లేరు. నేను మాత్రం చూసినంతే చెప్పాను. చూడనిది తెలియదన్నాను. కొందరికి కోపం వచ్చింది, కొందరు నన్ను రాతిగుండె మనిషన్నారు. అననివ్వండి. నాకు తెలిసినది సగమే అయినప్పుడు నేనిప్పటికీ సగమే చెప్తాను.