శనివారం టెస్ట్ ఆర్డర్

ఎదురింటి అంకుల్ పోయారు. ఈ మూడు మాటలు రాసి పది రోజులుగా అక్కడే ఆగిపోతున్నాను. ఆ ఆదివారం పొద్దున నేను కాఫీ కలుపుతుంటే ఆంటీ కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాటి వచ్చి, "మీ అంకుల్ లేస్తలేడు బిడ్డా, జర రా" అన్నారు. వెళ్ళేసరికే ఒళ్ళు చల్లబడింది. అంబులెన్సు వాళ్ళు వచ్చారు, గుండె అన్నారు, అంతే. ముందురోజు సాయంత్రం చెత్తడబ్బా లాక్కుంటూ నాకు చెయ్యి ఊపిన మనిషండీ! ఇదెక్కడి చోద్యం?

మాది అమెరికాలో బెంటన్‌విల్. ఇక్కడి పెద్ద రిటైల్ కంపెనీలో అంకుల్ చాలా ఏళ్ళుగా కాంట్రాక్టర్. మనం వెబ్‌సైట్‌లో బటన్ నొక్కాక ఆ ఆర్డర్ ఎక్కడికి పోతుంది, ఏమవుతుంది అన్నది చూసుకునే పని ఆయనది. నేను చిన్నపిల్లలకు పట్టు లంగాలు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఆ దుకాణం నడుస్తోందంటే ఆయన చలవే.

అసలు మొదట్లో మా తమాషా చూడాలి. మా ఆయన ప్రోగ్రామర్. నేను దుకాణం అనగానే ఇంతెత్తు వైట్‌బోర్డు కొనుక్కొచ్చాడు. స్టాక్‌కి ఒక సర్వర్, ఆర్డర్లకి ఒకటి, ఫొటోలకి ఇంకొకటి అంటూ మూడు నెలలు డబ్బాలు, బాణాలు గీశాడు. నేనేం తక్కువ తిన్నానా, కోడింగ్ కోర్సులో చేరాను. ఒకరోజు అంకుల్ టీకి వచ్చి ఆ బోర్డును చాలాసేపు చూశారు.

"ఎన్ని లంగాలు కుట్టినవ్ బిడ్డా?"

"ఇంకా మొదలెట్టలేదు అంకుల్. ముందు బ్యాకెండ్ డిసైడ్ చేద్దామని."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని ఆయన నవ్విన నవ్వుకి మా ఆయన మొహం మాడిపోయింది.

"రేపు ఆర్డర్లు పెరిగితే స్కేల్ అవ్వాలి కదా అంకుల్," అన్నాడు పాపం.

"అయినప్పుడు చూద్దాం తియ్. ఇప్పుడైతే రెడీమేడ్ స్టోర్ ఒకటి రెంట్‌కి తీస్కోండ్రి. పేమెంట్లు వాళ్ళే చూస్కుంటరు. జనం కార్డు నంబర్లు మీ సర్వర్ల దాచుకుంటమని మాత్రం అనకుండ్రి, అది పాముల బుట్ట. నీకొచ్చింది కుట్టుడు బిడ్డా, నువ్వు కుట్టు."

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. అంతా సొంతంగా రాశానని నలుగురిలో చెప్పుకోవాలని నా ఆశ. రెండు రోజులు ఆయన కనబడితే మొహం తిప్పుకున్నాను. మూడో రోజు ఆయనే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చారు. సాయంత్రానికల్లా దుకాణం తెరుచుకుంది. వైట్‌బోర్డు గరాజ్‌లోకి పోయింది.

ఆర్డర్ పేజీలో ఒక నోట్ పెట్టె ఉండి తీరాలన్నారు. "మనుషులకు చెప్పుకునేది ఉంటది. దానికి జాగ లేకపోతే ఎట్ల?" అన్నారు. ఆర్డర్ చేరాక కొన్నవాళ్ళకు వెళ్ళే మెయిల్ ఇంగ్లీషులో పొడిపొడిగా ఉందని, దాన్ని చెరిపేసి తెలుగులో ఆయనే టైప్ చేశారు: మీ ఆర్డర్ చేరింది. సరిపోయిందా? ఇంకో మాట గట్టిగా చెప్పారు. క్యాన్సిల్ చేసిన ఆర్డర్‌ని మళ్ళీ లేపకూడదట. తప్పు జరిగితే కొత్తది రాయాలి, పాతది అలాగే ఉండాలి. "జరిగింది జరిగినట్టు కనపడాలె బిడ్డా" అనేవారు.

అప్పటినుంచి ప్రతి శనివారం పొద్దున ఆయన పేరుతో ఒక ఆర్డర్ వచ్చేది. ఆరేళ్ళ సైజు ఎర్ర లంగా, నోట్‌లో "టెస్ట్". దుకాణం పనిచేస్తోందో లేదో చూడటానికి. నేను వెంటనే క్యాన్సిల్ కొట్టేదాన్ని. ఊరెళ్ళినా, జ్వరమొచ్చినా ఆయన మానలేదు. "ఎందుకంకుల్ ఈ చాదస్తం?" అని ఆటపట్టిస్తే, "దుకాణం తలుపు దినాం తట్టి చూడాలె. నాకు వారానికొకసారే కుదురుతది" అనేవారు.

ఆయన పోయిన మూడో రోజున, ఎందుకో ఆ ఆఖరి శనివారం ఆర్డర్ తెరిచాను. ఆ శనివారమూ అలవాటుగా, పేరు చూడగానే క్యాన్సిల్ కొట్టేసిందే అది. ఆరేళ్ళ సైజు కాదు. ఏడాది సైజు. నోట్‌లో ఇలా ఉంది: "ఇది టెస్ట్ కాదు బిడ్డా. మనవరాలి ఫస్ట్ బర్త్‌డేకి. రంగు నీ ఇష్టం."

నోటితో అడిగితే ఊరికే కుట్టి ఇచ్చేస్తానని ఆయనకు తెలుసు. అందుకే అందరిలా ఆర్డర్ పెట్టుకున్నారు. నేనేం చేశాను? చదవనైనా చదవలేదు. క్యాన్సిల్ అయిందని మెయిల్ ఆయనకు వెళ్ళే ఉంటుంది. చూశారో, చూడలేదో. చెత్తడబ్బా లాక్కుంటూ చెయ్యి ఊపినప్పుడు ఆయన ముఖంలో ఏమైనా ఉందా అని ఇప్పటికీ వెతుక్కుంటున్నాను. నవ్వే గుర్తొస్తోంది, ఆ నవ్వే నన్ను చంపుతోంది.

పాతదాన్ని కదపలేదు. ఆయన పేరు, ఆయన మెయిల్‌తోనే కొత్త ఆర్డర్ రాసి, నోట్‌లో ఆయన మాటలే పెట్టాను. మామిడి చిగురు రంగు పట్టు మీద సన్నటి ఎర్ర అంచు వేసి కుట్టాను. జానెడు నడుము. మూడుసార్లు విప్పి మళ్ళీ కుట్టాను.

నిన్న తీసుకెళ్ళి ఆంటీ చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పి ఏడ్చాను. ఆవిడ ఆ చిన్న లంగాని ఒళ్ళో పరిచి కుచ్చిళ్ళు సర్దుతూ కూర్చున్నారు. ఏం చేయాలో తోచక నేను ఫోన్ తీసి, ఆ ఆర్డర్ చేరిందని నొక్కాను.

కిటికీ పక్కన, ఆయన కళ్ళజోడు దగ్గర పెట్టిన ఫోన్ గుర్రుమంది. ఆంటీ ఇంకా దాన్ని రోజూ చార్జ్ చేస్తున్నారట.

"ఎవరో చూడు బిడ్డా," అన్నారు.

చూశాను. వెలుగుతున్న తెరమీద ఆయన రాసిన మాటే: మీ ఆర్డర్ చేరింది. సరిపోయిందా?